ప్లీడరమ్మ గారు, నా మిరపకాయలు

ప్లీడరమ్మ గారు పోయాక కోర్టు వాళ్ళంతా కలిసి సంతాప సభ పెట్టారు. నన్ను ముందు వరుసలో మెత్తని సోఫాలో కూచోబెట్టారు. అలాంటి సోఫాలో నడుము ఎక్కడ ఆనించాలో తెలియక సభ అయిపోయేదాకా అంచు మీదే బిగుసుకుని కూచున్నాను. నల్లకోట్ల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, కుటుంబ కేసుల్లో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు రెండు జిల్లాల్లో లేరనీ, ఆమె వాదిస్తుంటే జడ్జీలు కలం కింద పెట్టి వినేవారనీ సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పారు. ఇంగ్లీషు వచ్చినప్పుడల్లా పక్కావిడ తల వైపు చూసి, ఆవిడ ఊపితే నేనూ ఊపాను. ఇంతలో ఎవరో "ఆవిడ అద్దెకున్న ఇంటి యజమానురాలు తులశమ్మ గారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. నాలుగో తరగతి దాకా చదివిన దాన్ని. మైకు చేతికి రావటం అదే మొదలు. ఇంటి దగ్గర వల్లెవేసుకుని వెళ్ళిన మాటలన్నీ ఎగిరిపోయాయి. "ప్లీడరమ్మ గారు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మిరపకాయల ముచ్చికలు తీయటానికి నేను కూలోళ్ళని పిలవాల్సిన పని పడలేదండీ" అన్నాను. హాలు గొల్లుమంది. ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, ఇంకేమీ తోచక మైకుకే దణ్ణం పెట్టి దిగొచ్చాను.

ఇంటికి వచ్చాక నా మనవరాలు, మా పెద్దాడి కూతురు, ఒకటే సాధింపు. "అంత పెద్ద ప్లీడరు గారి గురించి నీకు గుర్తున్నది మిరపకాయలా నాయనమ్మా? హాలంతా నవ్వుతుంటే ఉమత్త ఒక్కతే నవ్వలేదు, చూశావా?" అంది. చూశాను. ఉమ నా కూతురు. అది ఎందుకు నవ్వలేదో నాకూ దానికీ తెలుసు. ఉమ కాపురం నిలుస్తుందా పోతుందా, పోతే అది తిరిగి మా ఇంటికి రావచ్చా రాకూడదా అన్నది తేలింది కూడా ఆ మిరపకాయల దగ్గరే. మైకులో సరిగ్గా చెప్పటం చేతకాలేదు గనక ఇలా రాసి చూస్తున్నాను. మనవరాలు పారేయబోయిన పాత నోటుపుస్తకాల్లో వెనక పేజీలు ఖాళీగా ఉంటే అవి చింపి దాచాను. ఈ పనికి అవే చాలు.

మా ఆయన పోయాక గుంటూరు అరండల్‌పేటలో మా ఇంటి ముందు గది అద్దెకిద్దామనుకున్నాను. వచ్చిన వాళ్ళని వచ్చినట్టు ఏదో ఒక వంక పెట్టి పంపేశాను. ఒకాయన చెప్పులు చప్పుడు చేస్తున్నాయన్నాను. ఇంకొకాయనకి బంధువులు ఎక్కువ, నీళ్ళు చాలవన్నాను. అప్పుడొచ్చింది ఈవిడ. తెల్లచీర, నల్లకోటు, చంకలో కట్టలు, వెనక గుమస్తా మస్తాను. "మీ ఆయనేం చేస్తారు?" అని అడిగాను. "లేరండీ" అంది. "అయ్యో, పోయారా?" అన్నాను. "పోలేదండీ. అసలు రాలేదు" అంది నవ్వకుండా. పెళ్ళే చేసుకోనావిడ పెళ్ళిళ్ళ తగువులు తీర్చటమేమిటా అనుకున్నాను గానీ, ఒంటి మనిషికి నీళ్ళు తక్కువ ఖర్చవుతాయని ఒప్పుకున్నాను. మనిషి తక్కువయితేనేం, ఆవిడ కోసం ఊళ్ళకి ఊళ్ళే మా గుమ్మంలోకి దిగుతాయని నాకెవరూ చెప్పలేదు.

అప్పటికే ఆవిడ కోర్టుకి వెళ్ళబట్టి చాలా ఏళ్ళయింది. మొదట్లో కక్షిదారులు ఆవిడనే చూసి "ప్లీడరు గారెప్పుడొస్తారమ్మా?" అని అడిగేవారట. "ఇప్పుడే వచ్చారు, కూచోండి" అని లోపలికి వెళ్ళి, నల్లకోటు తొడుక్కుని మళ్ళీ బయటికి వచ్చేదట. ఆవిడ కోటుకి కలరా ఉండల వాసన. మెడకి కట్టుకునే తెల్లపట్టీలు రోజూ తనే ఉతుక్కుని, నా దండెం మీద, నా జాకెట్ల పక్కన ఆరేసుకునేది. వాటికి గంజి మాత్రం నాదే. ఎటూ పారబోసే గంజే అయినా, ఇచ్చేటప్పుడు ఏదో ఇచ్చేస్తున్నట్టు మొహం పెట్టేదాన్ని. తెల్లారేసరికి నేను కళ్ళాపి చల్లి ముగ్గేస్తుంటే, అప్పటికే ఆవిడ కిటికీ దగ్గర లైటు వేసుకుని చదువుకుంటూ ఉండేది. సూర్యుడొచ్చాక కూడా లైటు తీయకపోతే "తెల్లారిందండీ!" అని బయటినుంచి అరిచేదాన్ని. "తెల్లారిందని మీరు చెబితేనే నమ్ముతానండీ" అని లైటు తీసేసేది.

మా పొలం ప్రత్తిపాడు అవతల. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. కోల్డ్ స్టోరేజీలో పెడితే దాని అద్దె దండగని కాయలన్నీ ఇంట్లోనే దాచి, ముచ్చికలు తీయించి, కారం కొట్టించి తెలిసిన ఇళ్ళకి ఇచ్చేదాన్ని. ఇల్లంతా ఘాటు. అలవాటు లేనివాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవారు. ఒకసారి తీసిన ముచ్చికలు పారేయటం ఇష్టంలేక నీళ్ళ పొయ్యిలో పెట్టి కాల్చాను. వీధి వీధంతా దగ్గింది. ఆవిడ కోసం వచ్చిన అవతలి పక్షం ప్లీడరు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని "వాయిదా వేసుకుందామండీ" అని రిక్షా ఎక్కాడు. ఆ తర్వాత మా మస్తాను "అమ్మగారూ, ఇట్టాంటి వాయిదా ఏ జడ్జీ ఇయ్యలేదండీ" అని చాలా రోజులు నవ్వాడు.

అసలు సంగతి అలా మొదలయింది. పొద్దున్నే పల్లెల నుంచి బస్సు దిగిన జనం మా వసారాలో వరసగా కూచునేవారు. ఒకవైపు మొగుడూ వాళ్ళ వాళ్ళు, ఒకవైపు పెళ్ళామూ వాళ్ళ వాళ్ళు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, గోడకి చేరగిలబడి నిద్రపోయేవాళ్ళు నిద్రపోతారు. ఇన్ని చేతులు ఖాళీగా ఉంటే నా ప్రాణం ఊరుకోలేదు. ఒకనాడు బస్తా విప్పి వసారా మధ్యలో రాశి పోసి, చేటలు తలా ఒకటి పెట్టాను. "ఊరికే కూచుంటే దిగులెక్కువవుద్ది. చేతులాడించండి" అన్నాను. పల్లె జనం, మిరప ఎరిగిన చేతులు. ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. కాసేపటికి ప్లీడరమ్మ గారు బయటికి వచ్చి చూసి ఎర్రబడింది. "తులశమ్మ గారూ, వీళ్ళు నా క్లయింట్లండీ. మీ కూలీలు కారు" అంది. "కూలీలయితే డబ్బులియ్యాలిగా" అన్నాను. ఆవిడకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి, కిటికీకి ఉన్న సగం తెర పక్కకి లాగి వసారా వైపే చూస్తూ చాలాసేపు నిలబడింది. మర్నాడు తనే మస్తానుని పంపించింది. రాశి ఒక్కటే పొయ్యమందట, మొగుడూ పెళ్ళామూ దానికి చెరోవైపు కూచోవాలట, మిగతా వాళ్ళు దూరంగా ఉండాలట.

ఎందుకని అడిగితే ఒకసారి చెప్పింది. "నా ముందు కూచుంటే అందరూ నాకు వినిపించటానికి మాట్లాడతారండీ. కాయల ముందు కూచుంటే ఒకళ్ళకొకళ్ళు మాట్లాడుకుంటారు" అంది. కాయలయిపోయిన నెలల్లో నేను చింతపండు పెట్టి గింజలు తీయించేదాన్ని. అది ఆవిడకి నచ్చేది కాదు. "చింతపండు దగ్గర కూచోబెడితే అందరూ మంచివాళ్ళయిపోతారు. మిరపకాయలు లేవా?" అని అడిగేది. పెదకాకాని నుంచి వచ్చిన జంట ఒకటి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. రాశి ముందు కూచున్నది మొదలు ఒకటే రచ్చ.

"ముచ్చిక తుంచటం కూడా చేతగాదు, కాపురం ఏం చేస్తావయ్యా నువ్వు?"

"నీకు చేతయిద్దిగా, కాయంతా చిదిపేసి గింజలు కిందబోస్తా! మీ అమ్మ నేర్పిందా?"

"మా అమ్మనంటే చేటతో కొడతా."

"కొట్టు, ప్లీడరమ్మ గారు చూత్తానే ఉన్నారు. కేసు నాకు బలంగా ఉంటది."

వాళ్ళ అరుపులకి ఎదురింటి వాళ్ళు మేడెక్కారు. ఇది ఇక అతకదని నేను నిర్ణయించేశాను. ప్లీడరమ్మ గారు కిటికీలోంచి నన్ను పిలిచి "ఆయన చెయ్యి చూడండి" అంది. నోరు తిడుతూనే ఉంది. చెయ్యి మాత్రం గట్టి ముచ్చికలున్న కాయల్ని ఏరి ఆమె వైపు నుంచి తన వైపుకి లాక్కుంటోంది. "వీళ్ళకి నేనక్కర్లేదు" అని ఆవిడ కేసు కట్ట కట్టేసింది. అరిచే వాళ్ళ గురించి ఆవిడ ఎప్పుడూ బెంగపడలేదు. దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళని మాత్రం రాశి దగ్గర కూచోబెట్టేది కాదు. వాళ్ళని నేరుగా లోపలికి పిలిచి, తలుపు వేసి, మొదట అన్నం పెట్టించేది. అన్నం నాదే. ఆ విషయంలో మాత్రం నేనెప్పుడూ మొహం పెట్టలేదు, నమ్మితే నమ్మండి.

ఇవన్నీ చూసి చూసి నాకు నేనే సగం ప్లీడరునన్న భ్రమలో పడ్డాను. వంటింటి కిటికీలోంచి సలహాలు మొదలుపెట్టాను. ఒకరోజు వసారాలో దిగాలుగా కూచున్న ఒక పిల్లని చూసి, మొగుడితో ఎలా సర్దుకుపోవాలో, అత్తగారు ఒకటంటే ఎలా మింగాలో, కూరలో ఉప్పెక్కువయితే ఎవరి మీద పెట్టాలో పప్పు ఉడికేంతసేపు చెప్పాను. ఆ పిల్ల ఓపిగ్గా అంతా విని "అలాగేనండీ, పెళ్ళయ్యాక గుర్తుపెట్టుకుంటాను" అంది. ప్లీడరమ్మ గారి దగ్గర ఆ రోజే చేరిన జూనియరట.

ఉమని మార్టూరులో ఇచ్చాం. అల్లుడు రమేషు రాళ్ళు పాలిష్ చేసే చోట సూపర్‌వైజరు. తాగుడు లేదు, పేకాట లేదు, చెయ్యెత్తడు. వాళ్ళింట్లో గొంతు బయటికి వినపడదని నేను వీధంతా చెప్పుకునేదాన్ని. వసారాలో రచ్చ పడే జంటలకి కూడా మా ఉమనే ఉదాహరణగా చూపించేదాన్ని. సెల్‌ఫోన్లు ఇంకా పెద్దవాళ్ళ జేబుల్లోనే ఉన్న రోజులు. ఉమ వారానికోసారి ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఉండేది. "బిల్లు తిరుగుతోంది, పెట్టెయ్" అని నేనే పెట్టించేసేదాన్ని.

ఒక పొద్దున నేను చేటలు సర్దుతుంటే ఉమ సంచీతో వచ్చి, ఇంట్లోకి రాకుండా వసారాలో జనం మధ్య కూచుంది. ఒక చేట లాక్కుని ముచ్చికలు తీయటం మొదలుపెట్టింది.

"ఏమే, లోపలికి రా. అక్కడ కూచునేది కేసులోళ్ళు" అన్నాను.

"నేనూ కేసుదాన్నేనమ్మా" అంది తలెత్తకుండా.

చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను. కొట్టాడా అన్నాను, లేదంది. ఎవరినన్నా పెట్టుకున్నాడా అన్నాను, లేదంది. "మాట్లాడడమ్మా" అంది. "వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఆయన కోయించే రాళ్ళన్నా మిషను కింద పెడితే అరుస్తాయి. మా ఇంట్లో ఆ పాటి చప్పుడు కూడా లేదు."

"మాట్లాడకపోతే నష్టమేంటి? నోటికి పని లేకపోతే ఆకలి కూడా తక్కువేసుద్ది" అన్నాను. ఇంత తెలివైన మాట ఏ కోర్టులోనూ ఎవరూ అని ఉండరు. ఉమ నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ వసారాలోకి వెళ్ళి కూచుంది. నేను గుమ్మం దాకా వెళ్ళి, వినాల్సిన వాళ్ళూ వినకూడని వాళ్ళూ వినేలా చెప్పాను. విడాకులంటే ఈ ఇంట్లో చోటు లేదన్నాను.

రెండు వారాలకి, ప్లీడరమ్మ గారు కబురు పెడితే, రమేషు వచ్చాడు. నేను గొడవకి సిద్ధంగా కొంగు బిగించుకుని ప్లీడరమ్మ గారి గది వైపు నడిస్తే, గుమ్మంలో మస్తాను అడ్డం నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీరు వసారాలో కూచోవాలండీ. పిలుస్తాం."

"నా ఇంట్లో నన్ను పిలిచేదేందయ్యా?"

"ప్లీడరమ్మ గారి మాటండీ. మీరు అవతలి పార్టీ అంట."

"అవతలి పార్టీ అల్లుడు కదా?"

"ఆయన ఒప్పేసుకున్నాడండీ. ఒప్పుకోనిది మీరే."

పెళ్ళి ఉమది, మొగుడు ఉమకి, ఇద్దరూ సరేనంటే కాదనేది నేనొక్కదాన్నే. ఆ పెళ్ళేదో నేను చేసుకున్నట్టు. నా గోడకి ఆనుకుని, నా చాప మీద, అందరి వంతూ అయ్యేదాకా కూచున్నాను. నన్ను పిలిచేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ప్లీడరమ్మ గారు కుర్చీ చూపించింది. "విడాకులిచ్చేది కోర్టు. దానికి మీ సంతకం అక్కర్లేదండీ" అంది. "మరి నన్నెందుకు పిలిచారు?" అన్నాను. "కోర్టు ఇల్లివ్వదు కదా తులశమ్మ గారూ. ఉమ ఎక్కడుంటుంది? మీ మధ్యగది అడుగుతోంది. ఆ గది ఇవ్వకపోతే నేనెంత వాదించీ ప్రయోజనం లేదు. నాలుగు నెలల్లో మళ్ళీ మార్టూరు బస్సెక్కుతుంది."

"అందులో కాయలున్నాయి" అన్నాను. ధర వస్తుందని దాచిన బస్తాలు, అటక దాకా.

ఆవిడ లేచి తెర పక్కకి లాగి "ఇటొచ్చి ఇక్కడ నిలబడండి. చూడండి, మాట్లాడకండి" అంది. ఆ రెండోది నాకు కష్టం. వసారాలో అందరూ వెళ్ళిపోయారు. ఉమ, రమేషు రాశికి అటొకళ్ళు, ఇటొకళ్ళు. రాశి ఒక్కటే అయినా, కాసేపటికి అది మధ్యలో చీలి రెండు రాశులయింది. ఎవరి వైపు కాయలు వాళ్ళు తీసుకుంటున్నారు. ఎండ ఉమ మొహం మీదకి వచ్చింది. అది జరగమని అడగలేదు, అతను జరగలేదు. అతని చేట నిండితే తనే లేచి బస్తాలో పోసుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆమె కాలికి తగలకుండా ఎంతో మర్యాదగా దాటాడు, బస్సులో పక్క సీటు ఆడమనిషిని దాటినట్టు. ఒక్క తిట్టు కోసం ఎదురుచూశాను. నా కూతుర్ని ఒక మాటంటే బాగుండునని కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డ తల్లిని ఈ గుంటూరులో నేనొక్కదాన్నే అయ్యుంటాను. పెదకాకాని జంట అరిచిన అరుపులు ఎంత ఖరీదయినవో అప్పుడు తెలిసింది.

ఇక నిలబడలేక బయటికెళ్ళి ఇద్దరి మధ్యా చతికిలబడ్డాను. చేతులు ఊరుకోక నేనూ కాయలు అందుకున్నాను. "ఏం బాబూ, మా పిల్లలో ఏం లోపం?" అని అడిగాను.

"లోపమేం లేదండీ అత్తయ్య గారూ" అన్నాడు. తర్వాత చాలాసేపు ముచ్చికలే తీశాడు. ఇక అంతేనేమో అనుకుంటుండగా, కాయలకే చెబుతున్నట్టు మాట్లాడాడు. "ఈ పెళ్ళి నాకిష్టం లేదని అప్పుడు మా నాన్నకి చెప్పలేకపోయానండి. పెళ్ళయ్యాక ఆమెతో ఏం మాట్లాడాలన్నా ఆ మాటే ముందొచ్చేది. అది అనలేక, ఇంకోటి అనలేక, అట్టా ఉండిపోయాను."

"ఈ మాట మొదటి రోజే అంటే సరిపోయేదిగా" అంది ఉమ. కోపం లేదు దాని గొంతులో. అలసట ఉంది.

"అంటే నువ్వేం చేసేదానివి?"

"తిట్టేదాన్ని. తిట్టి వచ్చేసేదాన్ని. ఇన్నాళ్ళూ నాలో ఏం తప్పుందా అని వెతుక్కునే పని తప్పేది."

వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవటం అదే మొదలట. అది విని నేను చేసిన పని, మిరప ఊళ్ళో పుట్టి, మిరప ఊళ్ళో మెట్టి, పసిపిల్లలు కూడా చేయని పని. ఆ చేతుల్తోనే రెండు కళ్ళూ తుడుచుకున్నాను. ఆ తర్వాత వీధికి నా కేకలు వినపడ్డాయి. ఒకళ్ళు నీళ్ళంటారు, ఒకళ్ళు పాలంటారు. అల్లుడు చెంబుతో పరిగెత్తాడు. మస్తాను మజ్జిగ తెచ్చాడు, అందులో ఉప్పు కలిపి ఉంది. "ఊరుకోమ్మా, ఏడవమాక" అని ఉమ తల పట్టుకుంటే "ఏడుపెవరికే? కారం!" అని అరిచాను. ప్లీడరమ్మ గారు గుమ్మంలో నిలబడి "సాక్షులందరూ కారమనే రాసుకోండి" అందని తర్వాత ఉమ చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆవిడ చాలా ఏళ్ళు కోర్టుకి నడిచింది, మోకాళ్ళు మెట్లెక్కనివ్వకుండా మొరాయించేదాకా. ఇప్పుడు ఆవిడ గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. జనం అదే వసారాలో కూచుంటారు. మొగుడూ పెళ్ళాలు కూడా వస్తారు, చెరో ఫోనూ పట్టుకుని. చేతులు ఆడుతూనే ఉంటాయి గానీ, రాశి ఒక్కటి కాదు. చేట పెడదామనిపిస్తుంది, ముచ్చికలు తీయటానికి మిషన్లొచ్చాయని మా వాడు నవ్వుతాడు. కోర్టులో ఇప్పుడు కౌన్సెలింగుకి చల్లటి గది ఉందని మనవరాలు చెప్పింది. మంచిదే అన్నాను. ఫ్యాను కిందకన్నా చల్లగా ఉంటే జనం త్వరగా నిజం చెబుతారేమో, నాకు తెలియదు. మా వసారాలో ఎండ పడేది, ఘాటుండేది, ఎవరూ అవసరానికి మించి కూచోవాలనుకునేవారు కాదు. ఇంట్లో మాట బయటికి వినపడకపోవటం గొప్పని మాత్రం నేను ఇప్పుడు ఎవరికీ చెప్పను. మనవరాలి సంబంధం మాటలప్పుడు పెళ్ళికొడుకుని "నీకు తిట్టటం వచ్చా?" అని అడిగానని మా వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కళ్ళలో కారం పడ్డ ఆ పూట నన్ను వంటింట్లో చాప మీద పడుకోబెట్టి, కళ్ళ మీద తడిగుడ్డ వేశారు. రమేషు వెళ్తూ గుమ్మంలో ఆగి "వెళ్ళొస్తానండీ" అన్నాడు. చూపు లేదు గనక ఏ మొహం పెట్టాలన్న బాధ తప్పింది. "భోంచేసి వెళ్ళు" అన్నాను. తిన్నాడు, ఉమే వడ్డించింది. పులుసు ఇంకా వెయ్యనా అని ఇది అడగటం, చాలని అతను అనటం నాకు వినపడింది. అతను వెళ్ళాక ప్లీడరమ్మ గారు లోపలికి వచ్చి నా పక్కన కింద కూచుంది. కలరా ఉండల వాసనని బట్టి ఆవిడేనని తెలిసింది. "గది సంగతేం చెప్పమంటారు?" అంది. ఇస్తానని నా నోటితో అనటం నాకు అలవాటు లేని పని. నెల మొదటి రోజు అద్దె అందుకునేటప్పుడు తప్ప ఆ గదుల గురించి నేనెప్పుడూ నోరు విప్పి ఎరుగను. కాసేపటికి మధ్యగది తలుపు తీసిన చప్పుడయింది. ఉమ ఎవరినీ అడగకుండా ఒక బస్తాని నేల మీద ఈడుస్తోంది. ఎటు ఈడుస్తోందో కనపడక నా ప్రాణం విలవిల్లాడింది. ఇద్దరూ నేనేమంటానా అని ఆగినట్టున్నారు, చప్పుడు ఆగింది.

"ఏమే ఉమా, కిటికీ కింద పెట్టమాక, జల్లు కొడతది. నా మంచం పక్కన పెట్టు" అని అరిచాను.